మే సెలవుల్లో అండమాన్: మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ నుంచి నాలుగేళ్ళ పాప దాకా అందరికీ కుదిరే ప్లాన్ ఉందా?

గోదారిగట్టు:

అందరికీ నమస్తే అండి. ఇంట్లో అందరం కలిసి ఒక ట్రిప్ వెయ్యాలని ఎప్పటి నుంచో అనుకోవడమే, ఎవరికో ఒకరికి కుదరక ఆగిపోతోంది, ఈ సమ్మర్‌కి ఎలాగైనా వెళ్ళి తీరాలని అండమాన్ ఫిక్స్ అయ్యాం. ఫిక్స్ అయ్యాం అంటే చోటు మాత్రమే ఫిక్స్, మిగతాదంతా రోజూ గొడవే.

మొత్తం పది మందిమి. తాతయ్యకి 74, బాగానే నడుస్తారు కానీ బీపీ ఉంది. అమ్మమ్మకి మోకాళ్ళు, మెట్లంటే భయం, ఇప్పటిదాకా పడవ ఎక్కింది అంటే గోదావరి మీద లాంచీ ఒక్కటే. అమ్మ, నేను. అక్కా బావా, వాళ్ళ పెద్దోడికి 11, చిన్నదానికి 4. ఇంక తమ్ముడూ మరదలూ, ఈమధ్యే పెళ్ళయింది, వాళ్ళని ఇంతమందిలో కలిపేసి తీసుకెళ్తున్నామని మాకే కొంచెం మొహమాటంగా ఉంది.

ఎవరి కోరికలు వాళ్ళవి. తాతయ్య సోషల్ మాస్టారుగా చేసి రిటైర్ అయ్యారు, ఆయనకి సెల్యులర్ జైలు చూస్తే చాలు, మిగతాది మీ ఇష్టం అంటున్నారు. బావకీ పెద్దోడికీ స్కూబా, అదే సిలిండర్ కట్టుకుని నీటి కింద డైవింగ్. మరదలికి ఏమీ చెయ్యకుండా బీచ్‌లో కూర్చోవాలని. చిన్నదానికి ఇసుక ఉంటే చాలు. అమ్మమ్మని అడిగితే "మీరంతా ఎక్కడుంటే అక్కడే" అంటుంది, దాంతో అసలు చిక్కు అక్కడే వచ్చింది.

తమ్ముడి లీవ్‌ని బట్టి ఏజెంట్ ఇచ్చిన ప్లాన్ ఏంటంటే మే 20న పోర్ట్ బ్లెయిర్‌లో దిగడం, అదే రోజు జైలు, లైట్ అండ్ సౌండ్ షో, మర్నాడు రాస్ ఐలాండ్, నార్త్ బే, ఆ తర్వాత రోజు తెల్లవారుజామున బారాటాంగ్, తర్వాత హావ్‌లాక్ దీవి, అక్కడి ఎలిఫెంట్ బీచ్, తర్వాత నీల్ దీవి, 26న పొద్దున నీల్ నుంచి బోట్‌లో వచ్చి మధ్యాహ్నం ఫ్లైట్. అన్నీ కవర్ అయిపోతాయి అని చెప్తున్నాడు. చూస్తుంటే నాకే ఆయాసం వస్తోంది. ఇంకా అడ్వాన్స్ కట్టలేదు. ఇందులో ఏం తీసెయ్యాలి, ఏం ఉంచాలి, అమ్మమ్మ బోట్ ఎక్కగలదా, వెళ్ళినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.


ఫీనిక్స్‌బే బాబాయ్:

అమ్మాయ్, ముందు ఆ డేట్లు మార్చు, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

మాది శ్రీకాకుళం వైపు, మా నాన్న రోజుల్లోనే ఇక్కడికి వచ్చేశాం, పోర్ట్ బ్లెయిర్‌లో మనోళ్ళు చాలామందే ఉన్నారులే, బజార్లో తెలుగు మాట్లాడినా పనైపోద్ది. మీకు మే అంటే రోళ్ళు పగిలే ఎండ, మాకు మే మూడో వారం అంటే వానాకాలం మొదలు. దేశంలో నైరుతి ముందుగా తాకేదే ఈ దీవుల్ని. కేరళకి జూన్ 1 అని లెక్క అయితే మాకు దానికి పది రోజుల ముందే వచ్చేస్తది, 2025లో అయితే మే 13కే వచ్చి కూర్చుంది. దానికి తోడు తుఫాన్లు, అంఫన్ 2020లో, యాస్ 2021లో, మోచా 2023లో, రెమాల్ 2024లో, నాలుగూ మే నెలలో పుట్టినవే. అవి వెళ్ళి బెంగాల్లోనో ఒడిశాలోనో మయన్మార్‌లోనో ఒడ్డు దాటినా సరే, బంగాళాఖాతంలో అంత పెద్దది తిరుగుతుంటే ఇక్కడ సముద్రం ఊరుకోదు కదా. వార్నింగ్ వచ్చిందంటే బోట్లు ఆపేస్తారు, ఎవరినడిగినా రేపు చూద్దాం అంటారు. పది మందిని పెట్టుకుని ఆ "రేపు చూద్దాం" మాట వినాలంటే ఎంత ఓపిక కావాలో ఆలోచించు.

స్కూళ్ళకి సెలవులు ఏప్రిల్ 24 ఆ ప్రాంతాల్లో ఇచ్చేస్తారుగా, అక్కడి నుంచి మే మొదటి వారం లోపు వచ్చి వెళ్ళిపోండి. ఉక్క ఉంటది, కాదనను, చెమట ధారలు కడతది. కానీ సముద్రం నిలకడగా ఉంటది, నీళ్ళు తేటగా ఉంటాయి, మీ బావ స్కూబాకి కూడా అదే మంచి టైము. తమ్ముడికి లీవు దొరకదంటే అతన్నే ఆఫీసులో ఇంకోసారి అడగమను, మాన్సూన్‌ని అడిగితే వినదు.

రెండోది బోట్లు. హావ్‌లాక్‌కి ప్రైవేటు బోట్లు ఉన్నాయి, మాక్రూజ్, నాటికా, గ్రీన్ ఓషన్, ఇంకా ఉన్నాయి, ఏసీ, సీట్ నంబరు ఉంటది, గంటన్నర అటూఇటూ. క్లాసుని బట్టి మనిషికి వెయ్యి పైన నుంచి రెండు వేల దాకా పెట్టుకో. గవర్నమెంటు బోటు చవక, ఫీనిక్స్ బే జెట్టీ (పడవల రేవు) నుంచి వెళ్తది, రెండు గంటల పైనే పడతది, కానీ టికెట్లు కొద్ది రోజుల ముందే వదుల్తారు, పది సీట్లు ఒకేసారి దొరకాలంటే అదృష్టం ఉండాలి. పెద్దవాళ్ళున్నారు కాబట్టి ప్రైవేటుకే వెళ్ళండి, కింది డెక్కు, మధ్య సీట్లు. ముందు వరుసలో అద్దం దగ్గర కూర్చుంటే సీనరీ బావుంటది గానీ ఊపు కూడా అక్కడే ఎక్కువ.

ఇంకోటి, టికెట్ల మీద పేర్లు చూసి కంగారు పడొద్దు. హావ్‌లాక్ అంటే స్వరాజ్ ద్వీప్, నీల్ అంటే షహీద్ ద్వీప్, రాస్ అంటే నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్, ఇవి 2018లో మార్చారు. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. మేమైతే ఇంకా పాత పేర్లే అంటాం.


పాలమూరు పోరడు:

బాబాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. నేను ఇంకో ముచ్చట చెప్తా అక్కా, ఆ లాస్ట్ డే ప్లాన్ ఉంది సూడు, నీల్ నుంచి పొద్దున బోటు, మధ్యాహ్నం ఫ్లైటు, అది మాత్రం అస్సలు చెయ్యకుర్రి. మేము పోయినప్పుడు మా ఏజెంట్ కూడా గట్లనే పెట్టిండు, పొద్దుగాల జెట్టీకి పోతే గాలి ఎక్కువుంది బోటు లేదన్నరు. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే సార్ అది వెదర్ మా చేతుల లేదు అన్నడు, ఫ్లైట్ పోయింది, కొత్త టికెట్లకు పెట్టిన పైసలతోని ఇంకో ట్రిప్ అయిపోతుండె. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లనే పండుర్రి, ఇది రూల్ అనుకో.

ఇగ బారాటాంగ్. మీ ప్లాన్‌ల ముందు తీసెయ్యాల్సింది అదే. పోర్ట్ బ్లెయిర్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు, మధ్యల జిర్కాటాంగ్ అని చెక్ పోస్ట్, అక్కడి నుంచి బండ్లన్నీ కాన్వాయ్ లెక్క లైన్‌ల పోవాలె, ఫస్ట్ కాన్వాయ్ ఆరింటికి, అంటే హోటల్‌ల మూడున్నరకే లేవాలె. జారవా అనే ఆదివాసీల అడవిలోంచి పోతది ఆ రోడ్డు, మధ్యల బండి ఆపనియ్యరు, బాత్రూం అన్నా ఆపనియ్యరు, నాలుగేండ్ల పిల్లతోని ఎట్ల చేస్తరు చెప్పు. దాని తర్వాత బండ్లు ఎక్కించుకునే పెద్ద పడవ, దాని తర్వాత మడ అడవుల మధ్యల స్పీడ్ బోటు, దాని తర్వాత సున్నపురాయి గుహల దాకా ఎండల నడక. నాకు, మా దోస్తులకు మస్తు అనిపించింది, అబద్ధం చెప్పను. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి మాత్రం శిక్షే.

ఇంకోటి, నాకు ఆ రోడ్డు మీదనే ఒక తీరు అనిపించింది. జనం కిటికీలకెళ్ళి జారవా వాళ్ళు కనపడ్తరా అని తొంగి తొంగి సూస్తుంటరు, వాళ్ళేమన్నా జూల ఉన్నరా. ఫోటో తీస్తే కేసు, తినేది ఇచ్చినా కేసు, వాళ్ళ రక్షణకు 1956 నుంచే చట్టం ఉంది. పిల్లలను తీస్కపోతే ఇది ముందే చెప్పి తీస్కపోవాలె.


నీటికింద నేను:

స్కూబా గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా.

పెద్దబాబుకి 11 అన్నారు కదా, పర్లేదు, పదేళ్ళు నిండితే ట్రై డైవ్, అంటే కొత్తవాళ్ళకి చేయించే డైవ్, చేయిస్తారు. ఈత రాకపోయినా చేయిస్తారు, ఇన్‌స్ట్రక్టర్ వెనకాల పట్టుకునే ఉంటారు. ముందు ఒక మెడికల్ ఫారం ఇస్తారు, అందులో ఆస్తమా, చెవి సమస్యలు, గుండె, బీపీ, ఫిట్స్ అన్నీ అడుగుతారు, దాన్ని సినిమా హాల్లో పార్కింగ్ చీటీలా చూడకుండా సంతకం పెట్టి ఇచ్చేయొద్దు, నిజం రాయండి. బావగారికి బీపీ టాబ్లెట్లు ఉంటే ఊర్లోనే డాక్టర్ దగ్గర కాగితం రాయించుకుని వస్తే అక్కడ వెనక్కి పంపరు. జలుబుతో మాత్రం దిగొద్దు, ముక్కు బ్లాక్ అయితే చెవిలో ప్రెషర్ సర్దుకోదు, ఆ నొప్పి మామూలుగా ఉండదు. పిల్లాడికి ఆ రోజు జలుబు ఉంటే ఎంత ఏడ్చినా సరే వద్దనండి.

ఏజెంట్లు చెప్పని విషయం ఇంకోటుంది. డైవ్ చేశాక వెంటనే ఫ్లైట్ ఎక్కకూడదు. నీటి కింద ఒత్తిడిలో ఒంట్లోకి నైట్రోజన్ ఎక్కువ చేరుతుంది, అది మెల్లగా బయటికి పోవాలి, ఈలోపు పైకి వెళ్ళి క్యాబిన్ ప్రెషర్ తగ్గితే బుడగలు కడుతుంది. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే 18 గంటలు గ్యాప్ అంటారు. నేనైతే ఒక రోజు పూర్తిగా వదిలేస్తా. కాబట్టి హావ్‌లాక్‌లో దిగిన మర్నాడు పొద్దున్నే డైవ్ పెట్టేసుకోండి, ఆఖరికి వాయిదా వెయ్యకండి. ముందే పెట్టుకుంటే వాతావరణం బాగోకపోయినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది.

మీ అక్కకీ మీకూ స్కూబా వద్దనుకుంటే ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ చాలు, మాస్క్, గొట్టం పెట్టుకుని నీటి పైనే తేలుతూ కిందికి చూడటం. హావ్‌లాక్ జెట్టీ నుంచి స్పీడ్ బోట్‌లో అరగంట లోపే. పొద్దున్నే వెళ్ళాలి, మధ్యాహ్నానికి జనం, గాలి రెండూ పెరుగుతాయి. అయితే అక్కడ బోట్ ఎక్కి దిగేటప్పుడు నీళ్ళలో అడుగుపెట్టాల్సి వస్తుంది, అలకి బోట్ ఊగుతుంటే గెంతాలి, అమ్మమ్మగారికి అది వద్దు. అడవిలోంచి నడక దారి కూడా ఉంది, వాన పడితే ఒకటే బురద.

కొత్త జంటకి ఒక సలహా, అమావాస్యకి దగ్గర రోజులు పడితే హావ్‌లాక్‌లో రాత్రిపూట కయాకింగ్ (చిన్న తెడ్డు పడవ నడపడం) ఉంటుంది, చీకట్లో తెడ్డు వేస్తుంటే నీళ్ళు నీలంగా మెరుస్తాయి, సూక్ష్మజీవుల వల్ల. వెన్నెల ఉన్న రోజుల్లో అంతగా కనపడదు. పదిమందినీ తీసుకెళ్ళొద్దు సుమా, వాళ్ళిద్దర్నే పంపించండి.


కాకినాడ పిన్ని:

డైవింగ్ బాబూ, పార్కింగ్ చీటీ భలే చెప్పావు.

నేను మా అత్తగారినీ మామగారినీ తీసుకెళ్ళొచ్చాను కాబట్టి పెద్దవాళ్ళ సంగతి నేను చెప్తానమ్మా. అమ్మమ్మ బోట్ ఎక్కగలదు. బోట్ లోపల ఏమీ ఉండదు, బస్సులో కూర్చున్నట్టే, జెట్టీ మీద నడక, బోట్‌కీ జెట్టీకీ మధ్య వేసే పలక, ఆ రెండిటి దగ్గరే చూసుకోవాలి. ఆటుపోట్లని బట్టి ఆ పలక ఒక్కోసారి వాలుగా ఉంటుంది. స్టాఫ్‌కి ముందే చెప్తే చెయ్యి పట్టుకుని ఎక్కిస్తారు, తొందరపడే జనాన్ని ముందు పోనిచ్చి మీరు ఆఖర్న దిగండి. వాంతుల మాత్ర బోట్ ఎక్కడానికి ఒక గంట ముందు వెయ్యాలి, ఎక్కాక వేస్తే దండగ, కానీ ఇద్దరూ రోజూ వేరే మందులు వాడతారు కదా, ఏ మాత్ర పడుతుందో మీ డాక్టర్నే అడిగి తీసుకెళ్ళండి. ఖాళీ కడుపుతో ఎక్కించొద్దు, అలాగని పూరీలు తినిపించీ ఎక్కించొద్దు.

హోటల్ బుక్ చేసేటప్పుడు ఫోటోలు చూసి మోసపోవద్దు. హావ్‌లాక్‌లో చాలా రిసార్టులు కాటేజీలు, చెట్ల మధ్య, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ రూమ్‌కి నాలుగు చెక్క మెట్లు, రెస్టారెంట్‌కి ఇసుకలో నడక. ఫోన్ చేసి మూడే అడగండి, గ్రౌండ్ ఫ్లోరేనా, బాత్రూం లోపలికి మెట్టు ఉందా, డైనింగ్ ఎంత దూరం. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా అని కూడా అడిగితే మంచిది, ఏప్రిల్ ఉక్కలో అది లేకపోతే తాతయ్యగారికి నిద్ర ఉండదు.

టైములు మన దగ్గరలా ఉండవు, ఇది అర్థం చేసుకుంటే సగం గొడవ తగ్గుతుంది. గడియారం మన ఐఎస్‌టీయే కానీ దీవులు బాగా తూర్పున ఉన్నాయి కదా, ఆ రోజుల్లో అయిదింటికే తెల్లగా తెల్లారిపోతుంది, సాయంత్రం ఆరు లోపే సూర్యుడు దిగిపోతాడు. పెద్దవాళ్ళు ఎలాగూ నాలుగున్నరకే లేస్తారు, వాళ్ళని పొద్దున్నే ఆటోలో కాలాపత్తర్ బీచ్‌కి తీసుకెళ్ళి సూర్యోదయం చూపించి ఎనిమిదింటికల్లా రూమ్‌కి తెచ్చెయ్యండి. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా ఎవరూ బయటికి రావద్దు, చిన్నదాన్ని అసలు తేవద్దు. మూడున్నరకి అందరూ రాధానగర్ బీచ్‌కి. అది జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్లు, 2004లో టైమ్ పత్రిక ఆసియాలో బెస్ట్ బీచ్ అని రాసింది, 2020లో శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. ఇసుక మెత్తగా ఉంటుంది, చెట్ల నీడ ఒడ్డు దాకా ఉంటుంది, కూర్చోడానికి బల్లలు ఉన్నాయి. అమ్మమ్మ కూర్చునే చోటు నుంచే పిల్లలు ఆడేది కనపడుతుంది. "మీరంతా ఎక్కడుంటే అక్కడే" అందన్నావు చూడు, ఆవిడకి కావాల్సింది అదే. ఒక సాయంత్రం కాదు, హావ్‌లాక్‌లో ఉన్నన్ని సాయంత్రాలూ అక్కడికే వెళ్ళండి, పగలు ఎవరికి కావాల్సిన చోటికి వాళ్ళు వెళ్ళొచ్చు.

నీళ్ళ దగ్గర జాగ్రత్త. మొసళ్ళ బోర్డులు ఉంటాయి, ఏదో పెట్టారులే అనుకోవద్దు, 2010లో రాధానగర్‌కి ఆనుకుని ఉన్న చోటే ఒక విదేశీ టూరిస్టుని మొసలి లాక్కెళ్ళింది. లైఫ్‌గార్డులు జెండాలు పెట్టిన మేరలోనే ఉండాలి, చీకటి పడ్డాక నీళ్ళలోకి వద్దు, వాగులు సముద్రంలో కలిసే మూలలకి పిల్లల్ని పోనివ్వొద్దు. చిన్నదానికి ఫుల్ హ్యాండ్స్ వేసి కాళ్ళకి దోమల క్రీమ్ రాయండి, ఇసుక ఈగలు కుడితే వారం దాకా దురద పోదు.

ఇంకోటమ్మా, పిల్లలు గవ్వలు ఏరతారు, పగడాల ముక్కలు ఏరతారు, ఏరి ఆడుకుని అక్కడే వదిలేయించండి. తీసుకెళ్ళడం నేరం, ఎయిర్‌పోర్ట్‌లో స్కానింగ్‌లో పట్టుకుంటారు.


ఎర్రబస్సు ఎంకన్న:

అందరూ ప్లాన్ బాగా చెప్తున్నారు కానీ ఒక మాట అడుగుతా ఏమనుకోవద్దు. పెద్దవాళ్ళిద్దర్నీ అంత దూరం తిప్పడం అవసరమా? ద్వీపమే కావాలంటే రామేశ్వరం కూడా ద్వీపమే కదండీ. 2025 ఏప్రిల్‌లో కొత్త పాంబన్ బ్రిడ్జి తెరిచారు, మళ్ళీ రైల్లో సముద్రం మీంచి వెళ్ళొచ్చు, మధ్యలో ఓడ వస్తే బ్రిడ్జి ముక్క నిలువుగా పైకి లేస్తుంది, పిల్లలకి అంతకంటే ఏం కావాలి. గుళ్ళో 22 తీర్థాల స్నానం, పెద్దవాళ్ళకి పుణ్యం. సాయంత్రం ధనుష్కోటి, 1964 తుఫానులో తుడిచిపెట్టుకుపోయిన ఊరు, ఆ చర్చి గోడలు ఇంకా అలాగే ఉన్నాయి. కలాం గారి స్మారకం ఉంది, సోషల్ మాస్టారికి అదీ నచ్చుతుంది. పది మందికి ఫ్లైట్ టికెట్ల డబ్బుతో అందరూ ఏసీ రైల్లో వెళ్ళొచ్చి ఇంకా మిగుల్తాయి. ఆ తర్వాత మీ కుర్రాళ్ళు అండమాన్ వేరేగా వెళ్ళండి.


గోదారిగట్టు:

ఎంకన్నగారూ మీరు చెప్పింది ఇంట్లో చదివి వినిపించాను. అమ్మమ్మ వెంటనే సరే అంది. తాతయ్య మాత్రం కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను, ఆ జైలు గోడ ఒక్కసారి చూడనివ్వండి, రామేశ్వరం వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది" అన్నారు. ఇంక ఎవరూ ఏం మాట్లాడలేదు. సో అండమానే.

తమ్ముడు లీవ్ మార్చుకున్నాడు, ఏప్రిల్ 26 నుంచి మే 2. బారాటాంగ్ కొట్టేశాం. నార్త్ బే కూడా తీసేద్దామా అనుకుంటున్నా, ఎలిఫెంట్ బీచ్‌లో ఉన్న నీటి ఆటలే అక్కడా ఉంటాయి కదా. ఇప్పుడు మిగిలిన డౌట్లు మూడు. నీల్ ఉంచాలా వద్దా? జైలు తాతయ్య పూర్తిగా చూడగలరా, మెట్లు ఎన్ని? అమ్మమ్మ అప్పుడు ఏం చెయ్యాలి?


ఫీనిక్స్‌బే బాబాయ్:

మీ తాతగారు నాకు నచ్చేశారు అమ్మాయ్.

జైలుకి ఏజెంట్లందరూ మొదటి రోజు మధ్యాహ్నమే తోసేస్తారు, ఫ్లైట్ దిగి అన్నం తిని నిద్రమొహాలతో వెళ్ళి సెల్ఫీ దిగి వచ్చేస్తారు. మాస్టారికి అలా వద్దు. చివరి రాత్రి ఎలాగూ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటారు కదా, హావ్‌లాక్ నుంచి ముందు రోజే పొద్దున బోటుకి వచ్చెయ్యండి, మర్నాడు పొద్దున గేటు తెరిచే టైముకి ఆయన్ని తీసుకెళ్ళండి. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు, చక్రానికి ఆకుల్లాగా మధ్యలో టవరు, దాని చుట్టూ ఏడు విభాగాలు, ఇప్పుడు మూడే మిగిలాయి. కింద ఫోటో గ్యాలరీ, నూనె గానుగ, ఉరి గది, ఇవన్నీ నేల మీదే ఉన్నాయి, అమ్మమ్మగారు కూడా చూడొచ్చు. సావర్కర్ ఉన్న గది మూడో అంతస్తు చివర, టవరు పైకి కూడా మెట్లే. తాతగారు ఆగి ఆగి ఎక్కితే ఎక్కగలరు, మధ్యాహ్నం మాత్రం వద్దు, బీపీ మనిషి. గైడ్‌ని మాట్లాడుకోండి, 1933, 1937లో ఖైదీలు చేసిన నిరాహారదీక్షల గురించి అడగమను, గైడు మంచివాడైతే మాస్టారూ అతనూ అక్కడే గంట కూర్చుంటారు. రాత్రి షో హిందీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి వేస్తారు, ఆ రోజుకి ఏది ఎన్నింటికో అడిగి టికెట్లు ముందే తీసుకోండి, ఆరుబయట కుర్చీలు, వాన వస్తే ఆపేస్తారు.

రాస్ ఉంచండి, నార్త్ బే తీసెయ్యండి. రాస్‌కి బోటులో పావుగంట కూడా పట్టదు, లోపల తిప్పడానికి బ్యాటరీ బండి ఉంది, జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి, చిన్నదానికి పండగే. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు ఇంట్లో ఉంటే తెచ్చుకో, వెనకాల ఉన్న కొబ్బరిచెట్ల బొమ్మ మా దీవులదే, నార్త్ బే లైట్‌హౌస్ వైపు చూసే సీను, పెద్దోడికి చూపించొచ్చు.

నీల్ సంగతి పిన్నిగారే చెప్తే బాగుంటది.


కాకినాడ పిన్ని:

నీల్ నాకైతే హావ్‌లాక్ కంటే ఇష్టం, చిన్నది, గోల లేదు, ఆటోలో తిరిగేస్తే అయిపోతుంది. కానీ మీ పది మందికి వద్దంటాను. ఒక ద్వీపం పెరిగితే ఒక బోటు పెరుగుతుంది, ఇంకోసారి సామాన్లు సర్దడం, ఇంకోసారి ఆ పలక మీద అమ్మమ్మని నడిపించడం, హోటల్ చెక్ ఇన్ దాకా లాబీలో పిల్లల ఏడుపు. పైగా అక్కడ అందరూ చూసే నేచురల్ బ్రిడ్జ్, సముద్రం వెనక్కి తగ్గినప్పుడే వెళ్ళాలి, రాళ్ళూ పగడాల మీద నడవాలి, మోకాళ్ళకి కుదరదు. హావ్‌లాక్‌లోనే వరసగా నాలుగు రాత్రులు ఉండండి. అంతగా చూడాలనిపిస్తే మీ తమ్ముడూ మరదలూ ఇద్దరే పొద్దున బోటుకి నీల్ వెళ్ళి ఆ రాత్రి అక్కడ ఉండి మర్నాడు నేరుగా పోర్ట్ బ్లెయిర్‌కి వచ్చేస్తారు, నీల్ నుంచి కూడా బోట్లు ఉన్నాయి. వాళ్ళకి కాస్త ఏకాంతం, మీకు మొహమాటం లేదు.


గోదారిగట్టు:

పిన్నిగారూ ఈ ఐడియా మరదలికి చదివి వినిపించాను, ఏం మాట్లాడలేదు కానీ వెంటనే వెళ్ళి తమ్ముడికి చెప్పింది 😄 అయితే అలాగే బుక్ చేస్తాం. పది మందికీ బోట్ టికెట్లు ఫ్లైట్‌తో పాటే తీసేసుకోవాలా, అక్కడికి వెళ్ళాక తీసుకోవచ్చా? పర్మిట్లు ఏమైనా కావాలా? డబ్బులు ఎలా, ఫోన్‌పే పనిచేస్తుందా?


పాలమూరు పోరడు:

ఫ్లైట్ కన్ఫర్మ్ అయిన రోజే బోటు కూడా తీసుకో అక్కా, సెలవులల్ల పది సీట్లు ఒక్క దగ్గర దొరకవు. బోటు వాళ్ళు టైములు మారిస్తే మెసేజ్ పెడ్తరు, ఇద్దరి నంబర్లు ఇయ్యి, అక్కడ ఒకరికి సిగ్నల్ ఉంటే ఇంకొకరికి ఉండదు. మనోళ్ళకు పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్‌కు పర్మిట్ ఏం వద్దు, ఒరిజినల్ ఐడీ ఉంటే చాలు, బోటు ఎక్కేటప్పుడు కూడా సూస్తరు, పిల్లలవి కూడా పెట్టుకోర్రి. 2020ల చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ ఏసినంక ఇంటర్నెట్ మునుపటి కంటే నయం, ఫోన్‌పే నడుస్తది, నడవని టైముల మాత్రం మొత్తానికే నడవదు. పోర్ట్ బ్లెయిర్‌లనే ఏటీఎంల క్యాష్ తీసి పెట్టుకోర్రి, హావ్‌లాక్ ఏటీఎం కాడ లైన్ల నిలబడకుర్రి. తాతయ్య, అమ్మమ్మ మందులు ట్రిప్పుకు సరిపోను కాకుండ ఇంకో నాలుగు రోజులకు ఎక్కువ పట్టుకపోర్రి, చెక్ ఇన్ బ్యాగుల కాదు, చేతి సంచిల.


నీటికింద నేను:

పెద్దోడి డైవ్ 28న పొద్దున్న పెట్టండి, ఆ రోజు గాలి ఎక్కువుంటే 29కి జరపొచ్చు, ఫ్లైట్‌కి ఎలాగూ రెండు రోజుల పైనే ఉంటుంది. మాస్క్ మీద లోపలివైపు ఫాగ్ పట్టకుండా ఉమ్మి రాస్తారు, వాడికి ముందే చెప్పండి, లేకపోతే ఛీ ఛీ అని బోట్‌లోనే కూర్చుంటాడు.